పన్నెండు లక్షలకు జర్మన్ సెడాన్: ఆ ఇంజన్ లోపల ఏం జరిగి ఉంటుంది?

పోయిన జనవరిలో మా బావ ఒక జర్మన్ డీజిల్ సెడాన్ చూడ్డానికి నన్ను వెంట తీసుకుపోయాడు. హన్మకొండ సుబేదారిలో ఒక ఇంటి ముందు నిలబెట్టి ఉంది. పొద్దున ఏడు కూడా కాలేదు, చలికి జేబుల్లోంచి చేతులు తీయబుద్ధి కావట్లేదు. బండి నల్లగా అద్దంలా మెరుస్తోంది, లోపల లేత గోధుమరంగు తోలు సీట్లు, ఎక్కడా చిన్న గీత కూడా లేదు. బావ డోరు తీసి స్టీరింగ్ ముందు కూర్చుంటే నేను బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. రాత్రంతా మంచులో నిలబడ్డ బండి పొద్దున్నే వెచ్చగా ఉందంటే మేం రాకముందే ఎవరో స్టార్ట్ చేసి కాసేపు ఉంచి ఆపేశారన్నమాట. అడిగితే "బ్యాటరీ దిగిపోతదని రోజూ పొద్దున స్టార్ట్ చేస్త అన్నా" అన్నాడు బండి ఓనరు. నిజమే అయ్యుండొచ్చు. కానీ ఇలాంటి ఇంజన్ల గురించి అన్నిటికంటే ఎక్కువ చెప్పే చప్పుడు చల్లటి ఇంజన్ తిరిగిన మొదటి రెండు మూడు సెకన్లలోనే వినిపిస్తుంది, తర్వాత మాయమైపోతుంది. ఆ రోజు మాకు అది వినే వీలు లేకుండా పోయింది.

వరంగల్, కరీంనగర్ రోడ్ల మీద ఇలాంటి బండ్లు ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి, కొనాలా వద్దా అని అడిగేవాళ్లూ పెరిగారు. "జర్మన్ బండి అంటే ఏనుగును పెంచడమే" అని ఒకరంటే, "ఆయిల్ టైముకు మారిస్తే మూడు లక్షల కిలోమీటర్లు కళ్లు మూసుకుని పోతుంది" అని ఇంకొకరు అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఏ మాట ఏ బండికి వర్తిస్తుందో తెలియకపోవడం వల్లే టెన్షన్ అంతా.

ధర ఇంతగా ఎందుకు పడింది

కొత్తగా కొన్నప్పుడు యాభై లక్షలు పెట్టిన సెడాన్ పదేళ్లకు పన్నెండు, పద్నాలుగు లక్షలకు రావడానికి మొదటి కారణం మామూలు తరుగుదలే. మొదటిసారి కొనేవాడు వారంటీని, హోదాని, కొత్త మోడల్‌ని కలిపి కొంటాడు, ఆ మూడూ ఐదారేళ్లకు అయిపోతాయి. దానికి ఢిల్లీ తోడైంది. రాజధాని ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జులై 1 నుంచి అలాంటి బండ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దన్న ఆదేశం వచ్చి కొద్ది రోజుల్లోనే ఆగిపోయింది. అదే ఏడాది ఆగస్టులో, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు తీసుకోవద్దని సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని మలుపుల మధ్య అక్కడి యజమాని బండిని వదిలించుకోవాలనుకోవడం సహజం, వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుంటే బండి దక్షిణానికి వస్తుంది. ఇక 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద కార్ల మీద పన్ను 40 శాతానికి మారింది. అంతకుముందు సెస్‌తో కలిపి 50 శాతం దాకా ఉండేది. కొత్త బండి ధర తగ్గితే పాతదాని ధర కూడా దిగాల్సిందే.

అయితే బండి ధర పడింది గానీ దాని విడిభాగాల ధర పడలేదు. ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే టర్బో, ఇంధనం చిమ్మే ఇంజెక్టర్, వాటర్ పంపు, వీటన్నిటి వెల ఇప్పటికీ యాభై లక్షల బండి వెలే. రిలయబిలిటీ గురించి జరిగే వాదనలన్నిటి వెనకా ఉన్న అసలు సంగతి ఇదే. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో ఇంజెక్టర్ పోతే తిట్టుకుంటూ మార్పిస్తాం, ఇందులో నాలుగు ఇంజెక్టర్లు ఒకేసారి పోతే బండి అమ్మేద్దామా అని ఆలోచిస్తాం.

నమ్మకమైన ఇంజన్ అంటే ఏంటి

ఈ ఒక్క మాట కింద జనం మూడు వేర్వేరు విషయాలు చెప్తుంటారు. ఒకటి డిజైన్ లోపం, అంటే ఎంత బాగా చూసుకున్నా ఫలానా భాగం త్వరగా పోతుంది. రెండోది సహజమైన అరుగుదల, రబ్బరు పైపులు, ఇంజన్ మౌంట్లు, థర్మోస్టాట్ లాంటివి వయసుకి పోయేవే, వాటిని బండి తప్పుగా లెక్కేయకూడదు. మూడోది పాత యజమాని నిర్లక్ష్యం. కొన్ని దేశాల్లో ఈ కంపెనీలు 30,000 కిలోమీటర్లకు లేదా రెండేళ్లకు ఒకసారి ఆయిల్ మారిస్తే చాలన్నాయి. కంపెనీ చెప్పిన ఖరీదైన సింథటిక్ ఆయిల్ వాడితే ఆ గడువు సరిపోతుందని ఒక వాదన. అది చల్లటి దేశాల హైవేలకు వేసిన లెక్క అని, దుమ్ము, ఎండ, ట్రాఫిక్ ఉన్నచోట పదివేలకే మార్చాలని మెకానిక్‌ల వాదన. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు, క్వారీ లారీల వెనక తిరిగే రోడ్లు, ఇవన్నీ చూస్తే నాకు మెకానిక్‌ల మాటే సబబనిపిస్తుంది.

చిక్కేమిటంటే ఈ మూడూ కలిసి పనిచేస్తాయి. చిన్న డిజైన్ బలహీనత ఉన్న ఇంజన్ మంచి ఆయిల్‌తో లక్షన్నర కిలోమీటర్లు హాయిగా పోతుంది, అదే ఇంజన్ చెడ్డ ఆయిల్‌తో ఎనభై వేలకే కూలబడుతుంది. అందుకే ఒకే మోడల్ గురించి ఇద్దరు యజమానులు పూర్తిగా వేర్వేరు కథలు చెప్తారు, ఇద్దరూ నిజమే చెప్తారు.

బ్యాడ్జి ఒకటే, లోపల ఇంజన్ వేరు

"బీఎండబ్ల్యూ 320డి ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే ఆ పేరుతో వేర్వేరు ఇంజన్లు వచ్చాయి. బీఎండబ్ల్యూ రెండు లీటర్ల డీజిల్ 2007 నుంచి ఎన్47, 2014 నుంచి దశలవారీగా బీ47. మెర్సిడెస్‌లో 2008 నుంచి ఓఎం651 అనే 2143 సీసీ డీజిల్, 2016లో దాని స్థానంలో అల్యూమినియం బ్లాకుతో ఓఎం654 మొదలైంది. ఆడి ఏ4లో ఈఏ189 డీజిల్ ఒక తరం, ఈఏ288 తర్వాతి తరం, పెట్రోల్‌లో ఈఏ888లోనే మళ్లీ తరాలు. డిక్కీ మీద అంకె చూసి ఇవేవీ తెలియవు. ఆర్సీలో ఉన్న ఇంజన్ నంబరు చూస్తే చాలాసార్లు తెలుస్తుంది. బీఎండబ్ల్యూ నంబరులో ఎన్47 అనో బీ47 అనో అక్షరాలు కలిసి ఉంటాయి, మెర్సిడెస్ ఇంజన్ నంబరు 651 లేదా 654 లాంటి అంకెలతోనే మొదలవుతుంది, ఆడికి మూడు నాలుగు అక్షరాల కోడ్ ఉంటుంది. మోడల్ ఏడాది, ఇంజన్ కోడ్, ఆయిల్ మార్చిన చరిత్ర, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ ఒక బండి గురించి మాట్లాడడానికి కుదరదు.

టైమింగ్ చెయిన్: ఆ మూడు సెకన్ల చప్పుడు

ఇంజన్ కింద పిస్టన్లకు కలిసిన క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది, పైన క్యామ్ షాఫ్ట్ గాలి, పొగ దారుల మూతలైన వాల్వులను తెరిచి మూస్తుంది. ఈ రెండూ ఒకే తాళానికి ఆడాలి. ఆ తాళం తప్పకుండా పట్టి ఉంచేది టైమింగ్ చెయిన్, సైకిల్ చెయిన్ లాంటిదే. అది తెగినా, బాగా సాగి పళ్లు దాటినా పిస్టన్ పైకి వచ్చే సమయానికి వాల్వు తెరిచే ఉంటుంది, రెండూ గుద్దుకుంటాయి, హెడ్డుతో సహా ఇంజన్ విప్పాల్సి వస్తుంది. కొన్ని ఇంజన్లలో చెయిన్ బదులు రబ్బరు బెల్టు ఉంటుంది, ఈఏ189 డీజిల్ అలాంటిదే. బెల్టుకు గడువు రాసిపెట్టి ఉంటుంది, ఆ గడువుకి మార్చేస్తారు. చెయిన్‌కు గడువు లేదు, ఇంజన్ ఉన్నంతకాలం ఉండాలన్నది ఆలోచన. పాత బండ్లలో అదే కొంపముంచింది.

చెయిన్‌ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. రాత్రంతా ఆపి ఉంచితే ఆయిల్ కిందికి జారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ప్రెషర్ రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, ఆ లోపల సాగిపోయిన చెయిన్ వదులుగా కొట్టుకుంటుంది. చిన్న రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గలగలమంటుంది. ఆయిల్ చేరగానే చప్పుడు ఆగిపోతుంది, ఇంజన్ మళ్లీ పట్టులా నడుస్తుంది. వెచ్చటి బానెట్ ఎందుకు ఇబ్బందో ఇప్పుడు అర్థమవుతుంది.

ఎన్47 మీద చెడ్డపేరు ఎక్కువగా ఈ చెయిన్ వల్లే వచ్చింది, ముఖ్యంగా 2011 ముందు తయారైన వాటికి. పైగా ఇందులో చెయిన్ ముందువైపు ఉండదు, వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అంటే చెయిన్ మార్చాలంటే గేర్‌బాక్స్ అయినా దించాలి, ఇంజన్ అయినా బయటికి తీయాలి. భాగాల ఖర్చు కంటే కూలీ ఎక్కువయ్యే పని అది. వెనక పెట్టడమే తప్పు అని చాలామంది అంటుంటారు, కానీ అది సగం నిజం. దాని తర్వాత వచ్చిన బీ47లో కూడా చెయిన్ వెనకే ఉంది, మెర్సిడెస్ ఓఎం651లో కూడా గేర్లతో కలిసి వెనకే ఉంది, వాటి మీద ఈ స్థాయిలో ఫిర్యాదులు లేవు. చెయిన్, దానికి దారి చూపే గైడ్లు, పళ్ల చక్రం ఎంత నాణ్యంగా ఉన్నాయన్నది లోపం వచ్చే అవకాశాన్ని నిర్ణయిస్తుంది, ఎక్కడ పెట్టారన్నది లోపం వచ్చాక పడే ఖర్చుని నిర్ణయిస్తుంది.

పెట్రోల్ వాళ్లు తప్పించుకున్నారనుకోవద్దు. 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్20 పెట్రోల్‌లో చెయిన్‌కి దారి చూపే ప్లాస్టిక్ గైడ్లు పెళుసుబారి విరిగి, ముక్కలు అడుగున ఆయిల్ చాంబర్‌లో పడేవి. అమెరికాలో దీని మీద యజమానులు కోర్టుకు పోయారు. మెర్సిడెస్ ఎం271 పెట్రోల్‌లో చెయిన్ సాగడం, క్యామ్ చక్రం పళ్లు అరగడం పాత కథే.

సుబేదారి బండి చూడ్డానికి మేం మళ్లీ పోయినప్పుడు ముందురోజు రాత్రే ఫోన్ చేసి బండిని ముట్టుకోవద్దని చెప్పాం. ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్ భాయ్‌ని వెంట తీసుకుపోయాం. ఆయన సంచిలోంచి మూరెడు పొడవున్న స్క్రూ డ్రైవర్ తీసి, దాని మొన ఇంజన్ వెనకభాగానికి ఆనించి, పిడి చెవికి అదిమిపెట్టుకుని, అప్పుడు స్టార్ట్ చేయమన్నాడు. నాకు బయట నుంచి సన్నగా గర్రుమన్నట్టు వినిపించింది, అంతే. ఆయన మాత్రం వెంటనే చెయ్యెత్తి ఆపమని సైగ చేశాడు. "ముంగట నుంచి గాదు అన్నా, గేర్‌బాక్స్ దిక్కుకెళ్లి వస్తుంది. ఇప్పుడే తెగదు, ఆర్నెల్లు నడుస్తదో రెండేండ్లు నడుస్తదో చెప్పలేం" అన్నాడు. బావ ముఖం వాడిపోయింది. మీటర్ మీద ఆ బండి తిరిగింది 46,000 కిలోమీటర్లే.

ఆయిల్ తాగే ఇంజన్లు

ఏ ఇంజన్ అయినా కొంచెం ఆయిల్ కాలుస్తుంది. ఎంత అన్నదే గొడవ. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాకా మామూలే అని ఆడి, ఫోక్స్‌వ్యాగన్ మాన్యువల్స్‌లో రాసి ఉంటుంది. లెక్కేసి చూడండి: పదివేల కిలోమీటర్లకు ఐదు లీటర్లు. ఇంజన్‌లో పట్టే ఆయిలే ఇంచుమించు అంత. అంటే ఒక సర్వీసుకీ ఇంకో సర్వీసుకీ మధ్య మొత్తం ఆయిల్ కాలిపోయినా కాగితం మీద అది లోపం కింద రాదు. మధ్యలో చూసుకోని యజమాని దగ్గర ఇంజన్ సగం ఆయిల్‌తో తిరుగుతుంది, దానివల్ల చెయిన్, టర్బో, బేరింగులు అన్నీ దెబ్బతింటాయి.

ఈఏ888 రెండో తరం పెట్రోల్‌లో, సుమారు 2008 నుంచి 2011 మధ్యవి, ఈ సమస్య బాగా నమోదైంది. పిస్టన్ చుట్టూ ఆయిల్‌ను గీకి కిందికి పంపే రింగులు సన్నగా చేశారు, ఆ ఆయిల్ వెనక్కి పోయే రంధ్రాలు మసితో పూడుకుపోయేవి, ఆయిల్ పైకెక్కి కాలిపోయేది. అమెరికాలో 2009–2011 ఏ4 యజమానులు కేసు వేస్తే కంపెనీ రాజీకి వచ్చింది. మూడో తరంలో ఇది చాలావరకు తగ్గింది. అమ్మే ముందు రోజు ఆయిల్ నిండా పోసి చూపిస్తే కొనేవాడికి ఏమీ తెలియదు, ఇక్కడ పాత బిల్లులే సాక్ష్యం. రెండు సర్వీసుల మధ్య "టాప్ అప్" అని లీటరు లీటరు కొన్న రశీదులు ఉన్నాయంటే కథ వాటిలోనే ఉంది.

సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, తెల్ల పొగ తీపి వాసనతో ఆగకుండా వస్తే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ లోపలికి పోతున్నట్టు, నల్ల పొగ అయితే ఇంజెక్టర్, టర్బో, గాలి వైపు తేడా. చలికాలం పొద్దున్నే కాసేపు వచ్చే తెల్ల ఆవిరి మాత్రం నీటి ఆవిరే, దానికి భయపడనక్కర్లేదు.

డీజిల్, డీపీఎఫ్, నాలుగు కిలోమీటర్ల ప్రయాణాలు

డీజిల్ మసిని పట్టి ఆపే జల్లెడ డీపీఎఫ్. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమాలు వచ్చాక మామూలు డీజిల్ కార్లలోనూ తప్పనిసరైంది గానీ, లగ్జరీ డీజిల్స్ చాలావాటిలో అంతకుముందే ఉంది. జల్లెడ నిండినప్పుడు బండి తనంతట తానే అదనంగా డీజిల్ చల్లి, దాన్ని సుమారు 600 డిగ్రీలకు వేడెక్కించి మసిని కాల్చేస్తుంది. దీనికి ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాల పరుగు కావాలి. 163 హైవే మీద కాజీపేట దాటి జనగామ వైపు పోతే ఆ పని తెలియకుండానే అయిపోతుంది. నయీంనగర్ నుంచి వరంగల్ చౌరస్తా దాకా పోయి షాపు ముందు ఆపేస్తే సగంలో ఆగిపోతుంది. కాలని డీజిల్ కొంత సిలిండర్ గోడల వెంట జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది. జాగ్వార్ ఇంజీనియం రెండు లీటర్ల డీజిల్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఇది ప్రధానమైనది. ఆయిల్ మట్టం తగ్గకుండా పెరుగుతోందంటే సంతోషించాల్సిన విషయం కాదు.

ఈ తలనొప్పి పడలేక డీపీఎఫ్‌ని పీకేయించేవాళ్లు ఉన్నారు. బండి చురుగ్గా నడుస్తుందని వాళ్ల మాట, కొంతవరకు నిజం కూడా. కానీ అది చట్టవిరుద్ధమైన మార్పు, పొగ నేరుగా గాల్లోకి పోతుంది, తర్వాత కొన్నవాడికి బండి సాఫ్ట్‌వేర్‌లో ఏం మార్చారో తెలియదు.

ఈజీఆర్ గురించి ఒక్క మాట. కాలిన పొగలో కొంత భాగాన్ని చల్లబరిచి మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు అది. 2018లో దక్షిణ కొరియాలో కొన్ని బీఎండబ్ల్యూ డీజిల్స్ మంటలంటుకోవడానికి ఈజీఆర్ కూలర్ నుంచి కారిన కూలెంట్ మసితో కలవడమే కారణమని తేలి అక్కడ లక్షకు పైగా, తర్వాత ప్రపంచమంతటా పది లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు. ఓఎం651 తొలి బండ్లలో పీజో ఇంజెక్టర్లు లీకై కంపెనీయే వేరే రకంతో మార్చింది. ఇలాంటి రీకాల్ ఒక బండికి జరిగిందా లేదా అన్నది ఛాసిస్ నంబరు చెప్తే కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డులో తెలుస్తుంది.

తక్కువ కిలోమీటర్లు మంచిదా?

మా బావ మొదట 46,000 దగ్గరే పడిపోయాడు. చాలామంది అంతే. మీటర్ వెనక్కి తిప్పడం ఎలాగూ ఉంది, దాన్ని పక్కన పెట్టి నిజమైన తక్కువ కిలోమీటర్ల బండి గురించే మాట్లాడుకుందాం.

ఒక బండి రోజూ షాపుకు నాలుగు కిలోమీటర్లు పోయి, నాలుగు కిలోమీటర్లు వస్తుంది. ఏడాదికి 300 రోజులు, పదేళ్లు. మొత్తం 24,000 కిలోమీటర్లు, ఆరువేల స్టార్టులు. ఇంకో బండి వారంలో రెండు మూడుసార్లు హైదరాబాద్ పోతుంది, ఒక్కో వైపు దాదాపు 150 కిలోమీటర్లు. 1,20,000 కిలోమీటర్లు తిరిగినా స్టార్టులు ఎనిమిది వందలే. ఇంజన్‌కి ఎక్కువ అరుగుదల చల్లగా ఉన్నప్పుడే, ఆయిల్ చేరని మొదటి సెకన్లలో, వేడెక్కని మొదటి నిమిషాల్లో. మొదటి బండి ఇంజన్ ఒక్కరోజు కూడా పూర్తిగా వేడెక్కి ఉండదు.

దీనికి ఎదురు వాదన కూడా బలమైనదే. ఎక్కువ తిరిగిన బండిలో టర్బో, ఇంజెక్టర్లు, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్నీ అన్ని కిలోమీటర్లూ మోశాయి. ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ ఆటోమేటిక్‌కి ఆయిల్ మార్చనక్కర్లేదని బండి కంపెనీలు చెప్తూ వచ్చాయి, తయారు చేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. లక్ష దాటిన బండిలో ఆ ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే ఆ ఖర్చు కొనేవాడిదే. కాబట్టి కిలోమీటర్లు ఎలా తిరిగాయన్నది ఎన్ని తిరిగాయన్నదానికంటే ఎక్కువ చెప్తుంది, కానీ ఎన్ని అన్నది లెక్కలోంచి పోదు.

చాయ్ కప్పులో మూడో వంతు నీళ్లు

ఇది మన ఊరికి బాగా తెలిసిన బాధ. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు, 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకి, హన్మకొండ, వరంగల్ కాలనీల్లో కార్లు నీళ్లలో నిలబడ్డాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో కూడా అంతే. ఆ బండ్లన్నీ తుక్కుకి పోలేదు, కొన్ని కడిగి తుడిచి వేరే ఊళ్లలో అమ్మకానికి వస్తాయి.

నీళ్లలో నిలబడి ఉన్న బండి కంటే నీళ్లలో నడిపిన బండికి ప్రమాదం ఎక్కువ. రెండు లీటర్ల ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి 500 సీసీ. డీజిల్‌లో కంప్రెషన్, అంటే గాలిని నలిపే నిష్పత్తి, సుమారు పదహారుకి ఒకటి అనుకుంటే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే జాగా 33 మిల్లీలీటర్లు. గాలి అయితే నలిగి అందులో ఇముడుతుంది, నీళ్లు నలగవు. అంతకంటే కాస్త ఎక్కువ నీళ్లు, అంటే చిన్న చాయ్ కప్పులో మూడో వంతు, గాలి పైపు ద్వారా లోపలికి పోతే పిస్టన్ ఆగిపోతుంది, దాన్ని కింద పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. భయపెట్టే విషయం ఏంటంటే కొంచెం వంగిన రాడ్‌తో ఇంజన్ కొన్ని నెలలు నడుస్తుంది, ఆ తర్వాత ఒకరోజు విరిగి బ్లాకును పగలగొట్టుకుని బయటికి వస్తుంది. అన్ని సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేస్తే ఒకటి మిగతావాటికంటే తక్కువ చూపించడం దీని గుర్తుల్లో ఒకటి. సీటు బెల్టును చివరిదాకా లాగితే మట్టి చార, సీటు కింద పట్టాలకు తుప్పు, స్పేర్ టైరు గుంటలో ఒండ్రు, ఇవి ఎంత కడిగినా మిగిలిపోతుంటాయి.

స్కానర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

స్కానర్ పెట్టి "ఏ ఎర్రర్ లేదు" అని చూపిస్తే చాలామంది నమ్మేస్తారు. ఎర్రర్లను ఐదు నిమిషాల ముందు చెరిపేసినా స్క్రీన్ అంతే శుభ్రంగా కనిపిస్తుంది. అదే స్కానర్‌లో "ఎర్రర్లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం" అని ఇంకో లెక్క ఉంటుంది. అది మూడు కిలోమీటర్లు అని చూపిస్తే ఎవరో ఇప్పుడే తుడిచారన్నమాట. ఒక్కో ఇంజెక్టర్ ఎంత సర్దుబాటుతో నడుస్తోంది, డీపీఎఫ్‌లో మసి, బూడిద ఎంత చేరాయి, ఇవి కూడా మంచి స్కానర్‌లో చదవొచ్చు. మీటర్ తిప్పిన బండిలో చాలాసార్లు గేర్‌బాక్స్ లాంటి వేరే యూనిట్లలో పాత కిలోమీటర్లు అలాగే ఉండిపోతాయి. చెయిన్ సాగడం, గైడ్లు పెళుసుబారడం, ప్లాస్టిక్ కూలెంట్ పైపులు ఎండకు బీటలు వారడం మాత్రం స్కానర్‌కి చాలాసార్లు కనిపించవు, వాటికి చెవి, కన్ను కావాలి.

ఆటోనగర్ భాయ్ ఇంకో పని చేసి చూపించాడు, నాకు అది స్కానర్ కంటే నచ్చింది. ఆయిల్ ఫిల్టర్ తీసి, దాని కాగితం మడతలను కత్తితో కోసి, పేపర్ మీద పరిచి ఎండలోకి తెచ్చాడు. నల్లటి జిడ్డులో చిన్న చిన్న మెరుపులు. వాటి మీద అయస్కాంతం తిప్పాడు. అంటుకున్నవి ఇనుము, చెయిన్ నుంచో చక్రం నుంచో వచ్చినవి. అంటుకోనివి బేరింగుల నుంచి వచ్చిన మెత్తటి లోహం, అవే ఎక్కువ భయపెట్టేవి. గోధుమరంగు ముక్కలుంటే గైడ్ల ప్లాస్టిక్.

ఇథనాల్ పెట్రోల్ సంగతి

డీజిల్ గొడవ వద్దని పెట్రోల్ వైపు పోయేవాళ్లకు ఇప్పుడు ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అనుమానం. పెట్రోల్‌తో పోలిస్తే ఇథనాల్‌లో లీటరుకు శక్తి సుమారు మూడో వంతు తక్కువ. పెట్రోల్ శక్తి వంద అనుకుంటే పది శాతం కలిపినది 96.7, ఇరవై శాతం కలిపినది 93.4. అంటే పది శాతం నుంచి ఇరవై శాతానికి మారితే మైలేజీ తేడా మూడు నాలుగు శాతం, అంతకంటే ఎక్కువ పడిపోతే వేరే కారణం వెతకాలి. రబ్బరు సీళ్లు, పైపుల మీద ప్రభావం గురించి అభిప్రాయాలు కలవలేదు. 2023 ఏప్రిల్ తర్వాతి బండ్లు దీనికి తగ్గట్టు తయారయ్యాయి, మనం మాట్లాడుకునే 2014, 2016 బండ్లు కాలేదు. నెలల తరబడి నిలబెట్టిన బండికి ఇబ్బంది ఎక్కువ, ఎందుకంటే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది.

రెండు బండ్లు, ఒక లెక్క

ఇవి నిజమైన రేట్లు కావు, లెక్క కోసం అనుకున్న అంకెలు. చరిత్ర లేని బండి 11 లక్షలు. బిల్లులన్నీ ఉన్న బండి 12.5 లక్షలు. మొదటి దానికి కొనగానే ఆయిళ్లు, ఫిల్టర్లు, గేర్‌బాక్స్ సర్వీసుకు 80 వేలు. మూడు లక్షల పెద్ద రిపేరు వచ్చే అవకాశం మూడింట ఒకటి అనుకుంటే, దాని బరువు ఒక లక్ష. మొత్తం 12.8. రెండో దానికి చిన్న సర్వీసు 20 వేలు, పెద్ద రిపేరు అవకాశం పదింట ఒకటి అంటే 30 వేలు. మొత్తం 13 లక్షలు. అంకెలు దగ్గరదగ్గరగానే వచ్చాయి. కానీ మొదటి బండిలో దురదృష్టం నిజమైతే లెక్క 14.8 లక్షలకు పోతుంది, ఆ డబ్బు ఒకేసారి తీయగలిగినవాడికి ఆ బేరం తప్పు కాదు, తీయలేనివాడికి కష్టం. బయటి రాష్ట్రం బండి అయితే లైఫ్ ట్యాక్స్ వేరే. అది మనం కొన్న రేటు మీద పడదు, బండి అసలు ధర, వయసు చూసి వేస్తారు. పన్నెండు లక్షల బండికి యాభై లక్షల బండి లెక్కన పన్ను పడేసరికి చాలామంది కంగుతింటారు.

బావ చివరికి సుబేదారి బండి వదిలేశాడు. రెండు నెలల తర్వాత కరీంనగర్‌లో ఒక డాక్టర్ గారి దగ్గర 1,31,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ సెడాన్ తీసుకున్నాడు. సీట్ల తోలు ముడతలు పడింది, ముందు బంపర్ మీద రాళ్లు కొట్టిన మచ్చలున్నాయి. బండితో పాటు ఒక లావు ఫైలు ఇచ్చారు, పదివేలకోసారి ఆయిల్, 98,000 దగ్గర గేర్‌బాక్స్ ఆయిల్. మే నెల ఎండల్లో థర్మోస్టాట్ పోయింది, దాంతో పాటు ఒక ప్లాస్టిక్ కూలెంట్ పైపు బీట వారింది, రెండూ మార్పించాడు. ఆ బిల్లు కూడా తీసుకెళ్లి అదే ఫైలులో పెట్టాడు.